కంకర గోతుల గుసగుస మావగారు

గుసగుస మావగారు ఏ మాటన్నా గుసగుసగానే చెబుతారు. రహస్యం చెప్పినా గుసగుసే, "కాస్త ఆ ఉప్పు ఇటు అందుకో" అన్నా గుసగుసే. ఇంటికి నిప్పంటుకున్నా సరే, పక్కింటాయన చెవి దాకా నడిచి వెళ్ళి, "ఏమీ అనుకోకండి, మా ఇల్లు తగలబడుతోంది" అని ఊదుతారే తప్ప గొంతెత్తి అరవరని చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. ఎందుకండీ అలా అని అడిగితే ఒకటే జవాబు: "పక్షులు బెదురుతాయి." అదీ గుసగుసగానే. ఇక్కడ పక్షులెక్కడున్నాయా అని వెతుక్కుని లాభం లేదు. ఆయన బస్సులో ఉన్నా, బ్యాంకులో ఉన్నా, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నా, ఆయన లెక్కలో ఎక్కడో ఒక పక్షి ఉంటుంది. అది బెదిరిపోతుంది.

అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి మైకుసెట్ల షాపు అల్లుణ్ణిచ్చాడు. ఈ అల్లుడు మైకు అద్దెకిస్తాడన్న మాటే గానీ, నిజానికి అతనికి మైకుతో పనిలేదు. షాపులో కూర్చుని తుమ్మితే వీధి చివర సైకిళ్ళు ఆగుతాయి. గొంతుకి తగ్గట్టే గొప్పలూనూ. "మా షాపు సెట్టు మొరాయించడం అనేది చరిత్రలో లేదండీ!" అన్నది అతను రోజూ జపించే మంత్రం. వచ్చినవాడికీ చెబుతాడు, రానివాడికీ చెబుతాడు. ఊళ్ళో అందరూ అతన్ని మైకల్లుడు అంటారు.

ఈ సంబంధం కుదిరిన వైనం వింటే మీరే నవ్వుతారు. మావగారమ్మాయి బళ్ళో టీచరు. వార్షికోత్సవానికి మైకు కావాలని షాపుకొచ్చింది. తీసుకెళ్ళింది, తిరిగిచ్చింది, ఏదో వైరు మర్చిపోయానని మళ్ళీ వచ్చింది. ఆ వైరు పుణ్యమా అని ఇద్దరికీ మనసులు కలిశాయి. మా నాన్నని వచ్చి అడుగు అంది. కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, యాపిల్ పళ్ళ సంచి పట్టుకుని వెళ్ళాడు. మావగారు ఎదురుగా కూర్చుని పెదాలు కదిపారు.

"ఏంటండీ?" అన్నాడు ఇతను.

ఆయన మళ్ళీ కదిపారు.

"ఏంటండీ?"

మూడోసారి కూడా అడిగితే చెవిటివాడనుకుంటారని భయం వేసింది. పిల్లనిచ్చే తండ్రి ముందుగా అడిగేది ఏం చేస్తుంటావనేగా! ఛాతీ విరుచుకుని, "అద్దెకిస్తానండీ!" అన్నాడు.

మావగారు కళ్ళు తేలేశారు. తేరుకుని మళ్ళీ ఏదో అడిగారు.

"పెళ్ళిళ్ళకీ సభలకీ పంపిస్తుంటానండీ. ఎంతమంది చేతులు మారినా ఏమీ కాదు. ఎప్పుడైనా గరగరలాడితే రెండు తగిలిస్తానండీ, దార్లోకొస్తుంది."

లోపల్నుంచి అమ్మాయి పరుగెత్తుకొచ్చి నెత్తి బాదుకుంది. "ఖర్మ! నాన్న అడుగుతున్నది మా అమ్మాయిని ఎలా చూసుకుంటావని!"

కుర్రాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడే వంటింట్లోంచి వచ్చిన అత్తగారు అందరి మొహాలూ చూసి, "ఏంటీ?" అన్నారు. మావగారు లేచి, ఆవిడకి సరిగ్గా ఎదురుగా నిలబడి, పెదాలు ఇంతింత చేసి జరిగింది చెప్పారు. ఆవిడ పగలబడి నవ్వారు. "అద్దెకైతే పిల్ల మళ్ళీ మనింటికి తిరిగొస్తుందిగా! ఇచ్చేద్దాం!" అన్నారు. ఆవిడ మాట మాత్రం వీధి మొత్తానికీ వినబడింది. మావగారు మింగేసిన చప్పుడంతా ఈవిడ గొంతులోంచి బయటికొస్తుందని పక్కింటి టైలరమ్మ అభిప్రాయం.

పెళ్ళయ్యాక గానీ అల్లుడికి ఆ ఇంటి పద్ధతి పూర్తిగా బోధపడలేదు. ఆ ఇంట్లో అందరూ వాడే మాట ఒకటే: "ఏంటీ?" పాలవాడు "ఏంటీ?" అంటాడు. కూతురు "ఏంటి నాన్నా?" అంటుంది. అత్తగారు "ఏంటీ?" అంటారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఒక పూట కూర్చున్నారంటే ఆ జబ్బు అంటుకుని, వాళ్ళింటికెళ్ళి కూడా పెళ్ళాం మాటకి "ఏంటీ?" అని చీవాట్లు తింటారు. ఎవరు ఎన్నిసార్లు అడిగినా మావగారికి విసుగు రాదు. ఓపిగ్గా మళ్ళీ చెబుతారు, మళ్ళీ గుసగుసగానే.

కాలింగ్ బెల్లు నొక్కితే మోగదు. వరండాలో పిచ్చుకలు గూడు పెట్టాయనీ, అవి హడలిపోతున్నాయనీ చెప్పి మావగారు దాన్ని పీకించేశారు. దాని బదులు వంటింట్లో ఒక బల్బు, పడగ్గదిలో ఒక బల్బు పెట్టించారు. బయట నొక్కితే లోపల వెలుగుతాయి. పిచ్చుకలు పిల్లల్ని చేసి ఎగిరిపోయాయి, గూడు కూడా రాలిపోయింది, బల్బులు మాత్రం ఉండిపోయాయి.

పోనీ ఆయన మొత్తం నిశ్శబ్దప్రియుడా అంటే, అబ్బే! అక్కడే అల్లుడికి తల తిరిగిపోయేది. అత్తగారు అటు తిరిగి గిన్నెలు కడుగుతుంటారు. మావగారికి ఆవిడతో పనిపడుతుంది. పిలవరు. ఆ ఇంటి నేల చెక్కపలకలది. దానిమీద కాలితో ధన్‌మని ఒక్క తాపు తంతారు. అలమారలో గ్లాసులు గలగలలాడతాయి. అత్తగారు తాపీగా ఇటు తిరిగి, "ఏంటీ?" అంటారు.

"మావయ్యగారూ, మాటకే బెదిరే పక్షి ఈ ధనధనలకి బెదరదాండీ?" అని అల్లుడు ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"అలవాటుపడ్డాయి" అని గుసగుసలాడి మావగారు జారుకున్నారు.

ఇంతకీ ఈ పక్షుల సంగతేమిటో చెప్పాలి. ఊరి బయట కంకర గోతులున్నాయి. ఒకప్పుడు ఒక కంపెనీ అక్కడ నేల తవ్వి కంకర తీసేది. ఊళ్ళో సగం ఇళ్ళూ, రోడ్లన్నీ ఆ గోతుల్లోంచి పైకొచ్చినవే. కంకర అయిపోయాక కంపెనీ చేతులు దులుపుకుని పోయింది. గోతుల్లో నీరూరింది, గట్ల మీద గడ్డి మొలిచింది, అంచుల్లో జమ్ము మనిషెత్తున పెరిగింది. ఎవరూ పిలవకుండానే పక్షులొచ్చాయి, తూనీగలొచ్చాయి, కప్పలొచ్చాయి. ఇప్పుడవి అద్దాల్లాంటి చెరువులు. అయినా ఊరివాళ్ళు మాత్రం గోతులనే అంటారు.

మావగారు ఆ కంపెనీలోనే లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవారు. అత్తగారు రాళ్ళు పగలగొట్టే క్రషర్ పక్కన నిలబడి లారీవాళ్ళకి టోకెన్లిచ్చేవారు. ఇద్దరి ప్రేమా, పెళ్ళీ, కాపురమూ ఆ దుమ్ములోనే జరిగాయి. కంపెనీ మూతపడ్డాక కూడా కాళ్ళు ఊరుకోక అటే నడిచేవారు. నీళ్ళు చూడ్డానికి వెళ్ళి పిట్టల్ని చూశారు, పిట్టల్ని చూస్తూ చూస్తూ లెక్కపెట్టడం మొదలెట్టారు. మెల్లిగా ఇంకో పదిమంది పోగయ్యారు. పళ్ళ డాక్టరు అధ్యక్షుడిగా ఒక సంఘమైంది. నెలకోసారి పొద్దున్నే వెళ్ళి ఏ గోతిలో ఏవేం కనబడ్డాయో, ఎన్నున్నాయో రాసి, జంతువుల సంగతి చూసే ఆఫీసుకి పంపుతారు. మావగారు ముందు నడిచి అందరికీ దారి చెప్పే నాయకుడు. అత్తగారిది ఇంకా పెద్ద పని. జమ్ములో దాక్కునే పిట్టలు కంటికి ఆనవు, కూత విని పోల్చుకోవాల్సిందే. ఆ విద్య ఆవిడ ఒక్కరికే వచ్చు. పాత క్రషర్ తాలూకు సిమెంటు దిమ్మ ఒకటి జమ్ము పక్కనే మిగిలిపోయింది. దానిమీద కూర్చుని ఆవిడ ఒక్కొక్క పేరే చెబుతుంటే టైలరమ్మ రాసుకుంటుంది. ఆ దిమ్మకి అత్తగారి దిమ్మ అనే పేరు. ఆవిడ దాని మీద కూర్చున్నప్పుడు చూడాలి, మొహం ఎంత కళగా ఉంటుందో!

ఆవిడ పని సరే, మావగారి నాయకత్వమే గందరగోళం. ఆయన ముందు నడుస్తూ గుసగుసలాడతారు. వెనకాల వరసగా ఉన్నవాళ్ళు ఆ గుసగుసని ఒకరికొకరు అందించుకోవాలి. ఒకరోజు ముందు బురద కనిపించి, చెయ్యి పైకెత్తి, "ఆగండి" అన్నారు. వెనకున్న బేకరీ ఆయనకి "సాగండి" అని వినబడింది. ఆయన ఉత్సాహంగా వెనక్కి తిరిగి, "సాగండి, సాగండి!" అన్నాడు. వరస మొత్తం సాగింది. మావగారిని కూడా తోసుకుంటూ పోయి అందరూ మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డారు. టైలరమ్మ చెప్పు ఇప్పటికీ ఆ గోతిలోనే ఉంది. దాని మీద ఒక జంబుకోడి నిలబడి ఉండగా చూశామని ఆ తర్వాతి నెల నమోదు కూడా చేశారు.

ఇంకో వింత. అత్తగారు దిమ్మ మీద జమ్మువైపు తిరిగి కూర్చుంటే, మావగారు చిన్న ముక్కాలిపీట వేసుకుని ఆవిడ ఎదురుగా, చెరువుకి వీపు పెట్టి కూర్చుంటారు. పక్షుల్ని చూడ్డానికొచ్చినవాడు పెళ్ళాం మొహం చూస్తూ కూర్చోవడం ఎక్కడైనా ఉందా? పైగా కూర్చున్నంతసేపూ మూతి సున్నాలా చుడుతూ, సాగదీస్తూ, ముడుస్తూ ఉంటారు.

"మీ మావగారు చప్పుడు లేకుండా ఈల వేస్తారా?" అని బేకరీ ఆయన అల్లుణ్ణి అడిగాడు.

"పళ్ళు కట్టించుకున్నారు కదండీ, సర్దుకుంటున్నారేమో" అన్నాడు అల్లుడు.

"నేను కట్టిన పళ్ళకి సర్దుకోవాల్సిన అవసరం లేదు!" అని పళ్ళ డాక్టరుకి పౌరుషమొచ్చింది.

బురద సంగతి జరిగాక ఆ డాక్టరే మీటింగు పెట్టాడు. మంచివాడే, కానీ పని సరిగ్గా జరగాలన్న పట్టింపు మనిషి.

"అయ్యా, నోటినిండా దూది కుక్కుకున్నవాళ్ళ మాటలు కూడా నాకర్థమవుతాయి. నా వృత్తే అది. మీ మాటలు మాత్రం నా వల్ల కావట్లేదు. వచ్చే లెక్కకి కూడా ఇలాగే ఉంటే ఇంకొకర్ని ముందు నడవమందాం. ఇంకో మాట. శబ్దాల్ని పట్టుకునే పెట్టెలొచ్చాయట. ఒకటి తెప్పించి జమ్ము పక్కన దిమ్మ మీద పెట్టేద్దాం. అమ్మగారు కూడా ఎన్నాళ్ళని మంచులో కూర్చుంటారు? హాయిగా ఇంట్లో ఉంటారు."

మావగారి మొహం పాలిపోయింది. ఏదో గుసగుసలాడారు.

"ఏంటీ?" అన్నారు అందరూ.

అత్తగారు కూడా "ఏంటీ?" అన్నారు. మావగారు ఆవిడవైపు తిరగలేదు. చెప్పలేదు. ఇంటికెళ్ళాక ఆయనకి ముద్ద దిగలేదు. దిమ్మ పోతే ఆవిడ ఏమైపోతుందో ఆయనొక్కరికే తెలుసు.

అల్లుడికి మావగారి దిగులు కనబడింది గానీ కారణం అందలేదు. గొంతు లేక నాయకత్వం పోతోందని బెంగపెట్టుకున్నారనుకున్నాడు. గొంతు లేని మావగారింట్లో మైకుల అల్లుడుండి ఏం లాభం?

"మావయ్యగారూ, నేనున్నాగా! మీ కాలరుకి చిన్న మైకు. అందరి చెవుల్లో చిన్న చిన్న బుడిపెలు. మీరు గుసగుసలాడితే చాలు, ప్రతివాళ్ళ చెవిలోనూ మీరే ఉంటారు. బయటికి చప్పుడే రాదు, ఒక్క పిట్ట బెదిరితే ఒట్టు!"

మావగారు కంగారుగా రెండు చేతులూ ఊపి, "వద్దు" అన్నారు.

అల్లుడికి "సర్దు" అని వినబడింది. వెళ్ళి సామానంతా సర్దేశాడు.

ఈ సర్దుడు జరుగుతుండగా షాపుకి ఒక పాత లారీ డ్రైవరొచ్చాడు, మనవరాలి పుట్టినరోజుకి మైకు కావాలని. సంగతి విని పడీ పడీ నవ్వాడు.

"కాటా దగ్గరాయనకి మైకా! ఆయన కేకేస్తే నా లారీ దానంతటదే ఆగేదయ్యా. క్రషర్ ఆడుతుంటే దానిమీంచి వినబడే గొంతు ఆయనదొక్కడిదే. మేమంతా పొలికేక అని పిలిచేవాళ్ళం."

"మీరింకెవర్నో అనుకుంటున్నారు. మా మావగారిది పుట్టు గుసగుస."

"ఎవర్నో అనుకోవడానికి ఆ గొంతు మర్చిపోతేగా! ఇప్పటికీ నా ఎడం చెవిలో మోగుతుంటుంది" అన్నాడు డ్రైవరు.

ముసలాయన మతిమరుపు అని అల్లుడు కొట్టిపారేశాడు.

లెక్క రోజు పొద్దున్నే అందరూ గోతుల దగ్గర చేరారు. నీళ్ళ మీద బొల్లికోళ్ళు తిరుగుతున్నాయి. మునుగుడుకోళ్ళు బుడుంగుమని ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతున్నాయి. అల్లుడు పెట్టె తెరిచి, "మా షాపు సెట్టు మొరాయించడం అనేది..." అని మొదలెట్టాడు.

"చరిత్రలో లేదు!" అని అందరూ పూర్తిచేశారు.

తలా ఒక బుడిపె పంచాడు. అత్తగారికి కూడా ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముచ్చటగా చెవిలో పెట్టుకుని, దిమ్మెక్కి కూర్చున్నారు. మావగారు మాత్రం కాలరుకి మైకు తగిలిస్తుంటే ఇంజెక్షనుకి చొక్కా పైకెత్తిన పిల్లాడిలా బిక్కమొహం వేశారు. తప్పించుకునే దారి లేక నడుస్తూ, "ఇక్కడ ఆగండి, బురదుంది" అని గుసగుసలాడారు.

వరస మొత్తం ఠక్కున ఆగింది. ఒక్కరు కూడా "ఏంటీ?" అనలేదు.

"అబ్బ! చెవిలో తేనె పోసినట్టు వినబడిందండీ!" అంది టైలరమ్మ.

బేకరీ ఆయనకైతే కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "ఇన్నాళ్ళకి ఈయన గొంతు విన్నాను. ఎంత బాగుందో!"

పళ్ళ డాక్టరు ఆనందం పట్టలేక, "ఏదీ, ఒక్కసారి ఇటివ్వండి" అంటూ మావగారి కాలరుకున్న మైకు లాగేసుకున్నాడు. అత్తగారి దిమ్మ వెనకాల నిలబడి ఉన్నాడాయన. మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అందరికీ వినబడుతోందా? వినబడినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు.

చేతులన్నీ లేచాయి. అత్తగారి చెయ్యి లేవలేదు. ఆవిడ జమ్మువైపు చూస్తూ చిన్నగా నవ్వుకుంటున్నారు. కాసేపటికి పక్కనున్నవాళ్ళ చేతులు కనబడి, ఆశ్చర్యంగా అందరి మొహాలూ చూసి, "ఏంటీ?" అన్నారు.

ఆ "ఏంటీ?" ఒక్కటే వినబడింది. ఇన్నాళ్ళూ పదిమంది "ఏంటీ"ల మధ్య కలిసిపోయిన మాట, ఆ పూట ఒంటరిగా నిలబడిపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. టైలరమ్మ అయోమయంగా ఆవిడ చెవివైపు చూసింది. అత్తగారు మెల్లిగా చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చారు. మొహంలో కళ తప్పింది.

అప్పుడు జరిగిందా పని.

"ఆవిడకిచ్చిన మిషను చెడిపోయిందయ్యా!"

ఎక్కడ్నుంచి వచ్చిందా కేక! గట్లు దద్దరిల్లాయి. బొల్లికోళ్ళన్నీ నీళ్ళు చిమ్ముకుంటూ లేచిపోయాయి. జమ్ములో తలదాచుకున్న పిట్టలు బుర్రుమని ఆకాశంలోకెగిరాయి. అవతలి గట్టు మీద నీటికాకి రెక్కలారబెట్టుకోవడం మానేసి ఉడాయించింది. పళ్ళ డాక్టరు ఉలిక్కిపడి మైకు వదిలేస్తే అది బుడుంగున నీళ్ళలో పడి మునుగుడుకోడిలా మునిగింది. తేలలేదు.

కేక వేసింది మావగారు.

"చెడిపోయిన మిషనిస్తే ఆవిడకెలా వినబడుతుందయ్యా? చూసుకుని ఇవ్వొద్దూ? షాపంటే ఇలాగేనా నడపడం?" పొలికేక ఆగట్లేదు. మొహం ఎర్రబడింది.

అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో తన సెట్టుని పట్టుకుని చెడిపోయిందంటే ఊరుకుంటాడా? విసవిసా వెళ్ళి అత్తగారి చెవిలో బుడిపె తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. చేతిలో విడి మైకు ఒకటుంటే దాన్ని గోటితో మెల్లిగా గీకాడు. చెవిలో గరగరా వినబడింది. బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"చూశారా, మా షాపు..." అని నోరు తెరిచాడు. తెరిచి మావగారివైపు చూశాడు. ఆయన అల్లుడి కళ్ళల్లోకి చూస్తున్నారు. కేకలు ఆగిపోయాయి. పెదాలు మాత్రం కదిలాయి, శబ్దం లేకుండా, ఇంతింత పెద్దవిగా. ఆ ఒక్క మాటా అల్లుడికి మొదటిసారి తేటగా అర్థమైంది. "బాబూ" అన్నారాయన.

అంతే, బల్బు వెలిగింది. ఏ బల్బనుకున్నారు, వంటింట్లోదీ పడగ్గదిలోదీ రెండూ వెలిగాయి! పిచ్చుకలు బెదరడం కాదు. చెక్కనేల మీద ధన్‌మని తన్నేది పలకరింపు. ఎదురుగా కూర్చుని మూతి తిప్పేది పళ్ళు సర్దుకోవడానికి కాదు. జమ్ములో ఏది ఎలా కూస్తే అలా పెదాలతో ఆడించి చూపిస్తున్నారు. ఆయనకి ఏ కూత ఏ పిట్టదో తెలిసి చావదు. ఆవిడకి తెలుసు, వినబడదు. ఆయన చెవీ ఆవిడ బుర్రా కలిస్తే ఒక పిట్ట. రాసిన ప్రతి పేరూ నిజమే. ఇక ఆ గుసగుస! పదిమందికీ వినబడకుండా మాట్లాడితే పదిమందీ "ఏంటీ?" అంటారు. అప్పుడు పదకొండో "ఏంటీ?" ఎవరికీ పట్టదు. ఒక్క మనిషి కోసం ఊరందరికీ చెవుడు తెప్పించాడు మహానుభావుడు!

అల్లుడు చెవిలోంచి బుడిపె తీసేశాడు.

"అవునండీ" అన్నాడు. "చెడిపోయింది. ఇదొక్కటే కాదు, సెట్టు మొత్తం చెడిపోయింది. చూసుకోకుండా తెచ్చాను. తప్పు నాదే."

"మాకు బాగానే వినబడింది కదయ్యా!" అంది టైలరమ్మ.

"అదే దీని జబ్బండీ. కాసేపు బాగుంటుంది, తర్వాత షాక్ కొడుతుంది."

అందరూ హడావిడిగా బుడిపెలు పీకేసి పెట్టెలో పడేశారు. "చరిత్రలో లేదన్నావుగా!" అని పళ్ళ డాక్టరు అంటించాడు. అల్లుడు తలదించుకుని పెట్టె మూశాడు.

పెట్టె ఎత్తుకుని వ్యానువైపు వెళుతుంటే అత్తగారు వెనకాలే వచ్చి చొక్కా పట్టుకుని ఆపారు. రహస్యం చెప్పేటప్పుడు వంగినట్టు అతని చెవి దగ్గరికి వంగారు.

"బాబూ, ఆ బుడిపె బాగానే ఉంది కదూ?"

అల్లుడు ఆవిడకి ఎదురుగా తిరిగి, పెదాలు ఇంతింత చేసి, "మీకు తెలుసా?" అన్నాడు.

"తెలియకేం! ఆ క్రషర్ మెల్లిమెల్లిగా తినేసింది నా చెవుల్ని. ఈ సంఘం కాకముందు ఒకసారి ఇక్కడే ఒకే మాట మూడుసార్లు అడిగితే ఎవరో నవ్వారు. ఇంక గోతులకి రానన్నాను. తెల్లారేసరికి ఈయనకి గొంతు పోయింది! పక్షులు బెదురుతాయట. నా చెవిలో పువ్వు పెట్టాననుకున్నాడు పాపం."

"మంచి చెవి మిషను తెచ్చిపెడతానత్తయ్యగారూ."

"తెచ్చావంటే ఊరుకోను! నాకు వినబడుతుందని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ కేకలు మొదలెడతాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ పొలికేకలు భరించాను, ఇప్పుడేగా ప్రాణం హాయిగా ఉంది! పైగా పడుచుతనంలో కూడా నా మొహంకేసి ఇంతసేపు చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, చెరువుకి వీపు పెట్టి మరీ చూస్తున్నాడు. ఎవరికీ చెప్పకు, మనలో మాట."

ఆవిడ గుసగుసగా చెప్పానే అనుకున్నారు. మనలో మాట అవతలి గట్టు దాకా వినబడింది. అప్పుడే వచ్చి వాలిన నీటికాకి మళ్ళీ లేచిపోయింది.

గట్టు మీద ఎవరూ కదల్లేదు. మావగారు ముక్కాలిపీట చేత్తో పట్టుకుని కొయ్యబారిపోయారు. అత్తగారు వెనక్కి తిరిగి చూసి, అందరి కళ్ళూ తన మీదే ఉండటం గమనించి, చీరకొంగు సర్దుకున్నారు. ఆవిడ మొహం మళ్ళీ చిన్నబోవడానికి ఇంకెంతో సేపు పట్టదు.

ముందుగా కదిలింది పళ్ళ డాక్టరు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తల బాగా ముందుకు వంచి, పెదాలు పెద్దవి చేసి అన్నాడు:

"ఏంటీ?"

"ఏంటీ?" అంది టైలరమ్మ.

"ఏంటీ? ఏమన్నారమ్మా? ఇక్కడికేం వినబడలేదు!" అన్నాడు బేకరీ ఆయన.

గట్టు పొడుగునా "ఏంటీ?"లే. ఆఖర్న మావగారు నాలుగడుగులు వేసి, ఆవిడకి సరిగ్గా ఎదురుగా నిలబడి, శబ్దం లేకుండా పెదాలతో అడిగారు: "ఏంటీ?"

"ఏం లేదు" అన్నారు అత్తగారు సిగ్గుపడుతూ. "రండి, పొద్దెక్కిపోతోంది, పిట్టలు ఆగవు."

దిమ్మ మీద పెట్టాలనుకున్న పెట్టె మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే, "జమ్ము గాలికి అవి పనికిరావు" అని పళ్ళ డాక్టరు గుసగుసగా చెబుతాడు. అవును, ఇప్పుడు సంఘంలో అందరిదీ గుసగుసే. బురదలో పడటం కూడా మానలేదు.

మైకల్లుడు మాత్రం గొంతు తగ్గించలేదు గానీ మంత్రం కాస్త మార్చుకున్నాడు. "మా షాపు సెట్టు మొరాయించడం అనేది చరిత్రలో ఒక్కసారే జరిగిందండీ!" అంటాడు. అదేదో బిరుదు చెప్పుకున్నట్టు ఛాతీ విరుచుకుని మరీ అంటాడు.

"అదెప్పుడయ్యా? ఏమైంది?" అని అడుగుతారు వచ్చినవాళ్ళు.

అల్లుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగుతాడు.

"ఏంటీ?"